మా ఇంటి ముందు మెట్లు ఎందుకు పగలగొట్టించాను

ఇల్లు కడుతున్నామని తెలిసినప్పటి నుంచి స్కూల్లో తోటి టీచర్లు, చుట్టాలు, పక్క ప్లాటు వాళ్ళు అడుగుతున్నది ఒకటే, "మేస్త్రి మంచోడేనా?" అని. దీనికి నేను ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోతున్నాను. మా మేస్త్రి చెడ్డవాడు కాదు. పని వచ్చు, తాగి రాడు, కూలీలకు ఏ వారం డబ్బులు ఆ వారం ఇచ్చేస్తాడు. అయినా మా ఇంట్లో తప్పులు జరిగాయి. కొన్ని మామూలువి, రెండు మూడు మాత్రం నాకు రాత్రిళ్ళు నిద్ర లేకుండా చేసినవి. ఏం జరిగింది, ఎక్కడ ఆపగలిగాను, ఎక్కడ ఆపలేకపోయాను అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మా దిక్కు ఇల్లు మొదలుపెట్టబోయేవాళ్ళకు ఇందులో ఏదో ఒకటి పనికొస్తుందని నా నమ్మకం.

నల్గొండలో దేవరకొండ రోడ్డు వైపు మాకు 180 గజాల ప్లాటు ఉంది. 30 అడుగుల వెడల్పు, 54 అడుగుల పొడవు, ఉత్తరం ముఖం. చుట్టూ వదలాల్సిన జాగా వదిలితే 23 అడుగులు, 40 అడుగుల ఇల్లు వచ్చింది. మా ఆయన ఉద్యోగం హైదరాబాదులో, వారానికి ఒక్కరోజు వస్తారు. కాబట్టి పొద్దున స్కూలుకు పోయే ముందు, సాయంత్రం వచ్చాక సైటు చూసుకునేది నేనే. నేను లెక్కల టీచర్ని. ఇల్లు మాత్రం ముఖ్యంగా మా అమ్మ కోసం. అమ్మది మర్రిగూడ మండలంలో ఊరు. పుట్టినప్పటి నుంచి ఆ నేల నీళ్ళే తాగింది. లీటరు నీళ్ళలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు మించకూడదంటారు, మా ఊరి బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం కలిపే పద్ధతికి ప్రపంచమంతా "నల్గొండ టెక్నిక్" అనే పేరు వాడుతుంది, కానీ ఆ పేరు వల్ల మా అమ్మ మోకాళ్ళకు ఒరిగిందేమీ లేదు. ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి ఇప్పుడు నడుము ఒంగిపోయింది, మోకాళ్ళు పూర్తిగా మడవలేదు, పూర్తిగా చాపలేదు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే తర్వాత మెట్ల దగ్గర కావాలి.

ముందు అనుమతి గురించి రెండు మాటలు. 2020లో తెలంగాణలో ఇళ్ళ అనుమతుల కోసం టీఎస్-బీపాస్ చట్టం వచ్చాక, 500 చదరపు మీటర్ల లోపు ప్లాటులో 10 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి, మా ప్లాను నిబంధనల ప్రకారమే ఉందని మనమే ధ్రువీకరించి ఆన్‌లైన్లో పెడితే అనుమతి వెంటనే వస్తుందన్నది పద్ధతి. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తగ్గడం మంచిదే. అయితే అనుమతి వచ్చింది కదా ఇక ఇంటికి ఢోకా లేదనుకునేవాళ్ళను చాలామందిని చూశాను. ఆ కాగితం చూసేది చుట్టూ ఎంత జాగా వదిలాం, ఎంత ఎత్తు లేపాం అన్నదే. పిల్లర్‌లో రాడ్లు ఎన్ని, సిమెంటు మాల్‌లో నీళ్ళు ఎన్ని అని చూడటానికి ఎవరూ రారు. అది చూసుకోవాల్సింది మనమే.

మేస్త్రితో మాది లేబర్ కాంట్రాక్ట్. మెటీరియల్ మాది, పని ఆయనది, చదరపు అడుగుకు ఇంత అని రేటు. ఇక్కడ చాలా ఇళ్ళు ఇట్లాగే లేస్తాయి. అడుగుకు రేటు కుదిరినప్పుడు మేస్త్రికి మిగిలేది పని తొందరగా అయిపోతేనే. ఒక రోజు ఆగితే ఆ రోజు కూలీలకు ఆయన జేబులోంచి పోతుంది. మా ఇంట్లో జరిగిన తప్పుల్లో సగానికి పైగా ఈ తొందర దగ్గరే పుట్టాయని నాకు పని నడుస్తున్న కొద్దీ అర్థమైంది. ఆయనకు పని రాక కాదు.

మొదటి తప్పు నేల మీద ఇంటి కొలతలకు ముగ్గు పోసిన రోజే దొరికింది, చాలా తేలికగా సర్దుకుంది. నాలుగు మూలలకు మేకులు కొట్టి సుతిలీ లాగాక నేను టేపు పట్టుకుని ఒక మూల నుంచి ఎదురు మూలకు కొలిచాను. 23, 40 అడుగుల దీర్ఘచతురస్రానికి కర్ణం 46 అడుగుల 2 అంగుళాలకు కాస్త తక్కువ రావాలి, రెండు వైపులా ఒకేలా రావాలి. మాకు ఒకటి 46 అడుగులు, రెండోది 46 అడుగుల 4 అంగుళాలు వచ్చింది. అంటే ఇల్లు రెండంగుళాలకు పైగా పక్కకు ఒరిగి ఉంది. మేస్త్రి మూలమట్టం పెట్టి చూపించాడు, "కరెక్టే ఉంది కదా మేడం" అని. చిన్న మూలమట్టంతో చూస్తే అట్లాగే కనిపిస్తుంది, 40 అడుగుల దూరం పోయేసరికి తేడా బయటపడుతుంది. మేకు పీకి జరిపి మళ్ళీ కొలిచాం, అరగంట పని. ఇదే పునాది లేచాక బయటపడితే టైల్స్ వేసేటప్పుడు ప్రతి గదిలోనూ ఒక పక్క ముక్కలు కోసి అతికించాల్సి వచ్చేది.

అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. ఒకప్పుడు నా దగ్గర పదో తరగతి చదివిన అబ్బాయి ఇప్పుడు సివిల్ ఇంజనీరు, మా ప్లాను, రాడ్ల డ్రాయింగు వేసింది అతనే. ప్లాను వరకే ఒప్పుకుని మధ్యలో ఇంజనీర్ని పిలవకుండా డబ్బులు మిగిల్చుకునేవాళ్ళు మా కాలనీలో చాలామంది. నేను మాత్రం ఐదు సార్లు వచ్చి చూడాలని, వచ్చిన ప్రతిసారీ ఫీజు తీసుకోవాలని మాట తీసుకున్నాను. పునాది గుంతలు తీశాక ఒకసారి, పిల్లర్లకు ముందు, స్లాబు రాడ్లు కట్టాక, స్లాబు పోసే రోజు, బాత్రూముల పని ముందు. ఇల్లు మొత్తం ఖర్చులో ఆ ఫీజు ఒక గది టైల్స్ అంత కూడా కాలేదు.

గుంతల దగ్గర పెద్ద పేచీ రాలేదు. మా నేల ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండదు, ఒక గుంతలో మూడడుగులకే బండ తగిలింది, వెనక వైపు రెండింటిలో ఐదడుగులు పోయినా మెత్తటి మట్టే. ఇంజనీరు వచ్చి ఆ రెండూ గట్టి మొరం తగిలేదాకా దింపించాడు. అయిపోయింది.

అసలు దెబ్బ పిల్లర్ల దగ్గర తగిలింది.

మార్చిలో, ఒంటిపూట బడులు మొదలైన రోజుల్లో, మధ్యాహ్నం సైటుకు పోయాను. అప్పటికి పిల్లర్లకు కాంక్రీటు పోయడానికి బిగించిన పలకలు విప్పేశారు. మేస్త్రి లేడు. నీళ్ళు కొడుతున్న ఆమె, మక్తల్ దిక్కు నుంచి వచ్చిన కూలీ, పైపు చేతిలో పట్టుకునే నా దగ్గరికి వచ్చి, ఎవరైనా వింటారేమో అన్నట్టు అటూ ఇటూ చూసి, "టీచరమ్మా, గా వెనక మూల పిల్లరు కింద ఒకపారి సూడు. పొద్దుగాల పూసిండ్రు" అంది. అంతే, మళ్ళీ పోయి నీళ్ళు కొట్టుకుంటోంది.

వెనక మూల పిల్లరు దగ్గర కూర్చుని చూశాను. అడుగు భాగంలో ఒక అడుగున్నర ఎత్తు వరకు రంగు తేడాగా ఉంది. మిగతా పిల్లరు బూడిద రంగులో ఎండిపోయి ఉంటే ఇక్కడ మాత్రం పచ్చి పచ్చిగా, చేతితో తాపిన గీతలు కనిపిస్తున్నాయి. తాళంచెవితో గీకితే మాల్ పెచ్చులుగా ఊడింది. లోపల కంకర రాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉన్నాయి, మధ్యలో సిమెంటు లేదు, ఒకచోట రింగు రాడ్ బయటికే కనిపిస్తోంది. వేలు పెడితే మొదటి కణుపు దాకా లోపలికి పోయింది.

ఇట్లా గుల్ల ఎందుకొస్తుందో తర్వాత ఇంజనీరు చెప్పాడు. కాంక్రీటును పై నుంచి వదిలే ఎత్తు మీటరున్నర మించకూడదని కాంక్రీటు పని నిబంధనల పుస్తకమైన కోడ్‌లోనే ఉంది, అంటే దాదాపు ఐదడుగులు. మావాళ్ళు పిల్లరు మొత్తం ఎత్తు పలకలు బిగించి తొమ్మిదడుగుల పై నుంచి తట్టలతో పోశారు. అంత ఎత్తు నుంచి పడితే రాళ్ళు ముందు అడుగుకు చేరతాయి, సిమెంటు పాలు రాడ్లకు అంటుకుని పైనే ఆగిపోతాయి. కాంక్రీటును కుదించే వైబ్రేటర్ మిషన్ ఆ రోజు చెడిపోయిందట, రాడ్‌తో పొడిచారట. చెడిపోయిందని ఒక్క ఫోన్ చేసి ఉంటే నేను ఊళ్ళో ఇంకోటి కిరాయికి తెప్పించేదాన్ని.

సాయంత్రం మేస్త్రి వచ్చాడు. నేను అరవలేదు, అరిచే ఓపిక కూడా లేదు. ఊడిన చోటు చూపించి, "ఇదెందుకు నాకు చెప్పలేదు?" అన్నాను. "గింత చిన్నదానికి మీకెందుకు టెన్షనని మేడం, పూసినంక ఏం గాదు, ప్లాస్టరింగ్ల కలిసిపోతది" అన్నాడు. ఆయన నిజంగానే నాకు టెన్షన్ వద్దనుకున్నాడేమో కూడా. నాకు మాత్రం అదే పెద్ద బాధ. పిల్లరు గుల్లగా రావడం తప్పు, దానికి మందు ఉంది. దాని మీద మాల్ పూసేస్తే ఆ తప్పు ఇక ఎవరికీ కనబడదు, రాడ్‌కు లోపల తుప్పు పట్టి ఏ పదేళ్ళకో గోడ పగిలినప్పుడు అప్పుడు ఎవర్ని అడగాలి? ఆ మాటే ఆయనతో అన్నాను. తప్పు జరిగితే చెప్పు, నీ కూలీ డబ్బుల్లో ఒక్క రూపాయి కోయను, చెప్పకుండా పూస్తే మాత్రం పని అక్కడే ఆగిపోతుంది, ఇది నీకు నాకు ఒప్పందం అన్నాను. తలూపాడు.

ఇంజనీరు మర్నాడు వచ్చాడు. పైన ఇంకా బీములు, స్లాబు పడలేదు కాబట్టి బతికాం. గుల్ల భాగమంతా ఉలితో గట్టి కాంక్రీటు తగిలేదాకా చెక్కించి, ఇనుప బ్రష్‌తో రుద్ది, కడిగించి, ఎండినా కుంచించుకుపోని ప్రత్యేక సిమెంటు మిశ్రమమైన గ్రౌట్‌ను పలక కట్టి పోయించాడు. మామూలు సిమెంటు మాల్ ఎందుకు పనికిరాదంటే అది ఎండేటప్పుడు కుంచించుకుని పాత కాంక్రీటు నుంచి విడిపోతుంది. గ్రౌట్ బస్తా మామూలు సిమెంటు కంటే చాలా ఖరీదు, కానీ పట్టింది కొంచెమే. ఆ తర్వాత మిగతా పిల్లర్లన్నీ సుత్తితో తట్టి చూశాం, ఇంకో దాంట్లో అరచేతంత గుల్ల దొరికింది. నీళ్ళు కొట్టే ఆమె పేరు నేను ఎక్కడా బయటపెట్టలేదు, తాళంచెవి తగిలి ఊడిందనే అన్నాను.

స్లాబు మే మొదటి వారంలో. బడికి సెలవులు, అందుకని కావాలనే అప్పటిదాకా ఆపాను, ఎండలు మండిపోతాయని తెలిసి కూడా. పొద్దున ఐదున్నరకు మిక్సర్ వచ్చింది, ఇరవై మందికి పైగా లేబర్, కొబ్బరికాయ కొట్టడం, అంతా హడావుడి. ముందు రోజు సాయంత్రం ఇంజనీరు రాడ్లన్నీ చూసి పోయాడు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా నేను పొద్దున నిచ్చెన ఎక్కి మళ్ళీ ఒక చుట్టు తిరిగాను. ఇంటి ముందు మెట్ల పైకి నాలుగడుగులు బయటికి వచ్చే సజ్జ ఉంది. రాత్రి కరెంటు పైపులు వేసేవాళ్ళు ఆ రాడ్ల మీదే నడిచినట్టున్నారు, పైన ఉండాల్సిన రాడ్లన్నీ అణిగిపోయి కింద సెంట్రింగ్ రేకుల మీద పడుకుని ఉన్నాయి.

గది పైన స్లాబుకు రెండు వైపులా గోడలో బీములో ఆసరా ఉంటుంది, బరువు పడితే మధ్యలో కిందికి వంగుతుంది, కాబట్టి కింది భాగం సాగుతుంది, ఇనుము అక్కడ కావాలి. సజ్జకు ఒకవైపే ఆసరా. చెయ్యి ముందుకు చాపి నీళ్ళ బకెట్ పట్టుకుని కాసేపు నిలబడండి, నొప్పి భుజం పైభాగంలో వస్తుంది. సజ్జ కూడా అంతే, సాగేది పైభాగం. ఇనుము పైన ఉండాలి. కిందికి అణిగిపోయిన రాడ్లతో సజ్జ పోస్తే ఇనుము వేసి కూడా వేయనట్టే, సెంట్రింగ్ విప్పిన రోజే విరిగి పడొచ్చు. ఇక్కడ కింద ఉండేది మా అమ్మ ఎక్కే మెట్లు.

"ఈ రాడ్లు లేపాలి, అప్పటిదాకా పోయొద్దు" అన్నాను. మేస్త్రి కిందనుంచే, "పోసేటప్పుడు కొక్కెంతోని గుంజుతం మేడం, ఏం గాదు" అన్నాడు. పోసేటప్పుడు లాగుతామన్న మాట ప్రతి మేస్త్రీ అంటాడు, కాంక్రీటు బరువు మీద పడ్డాక ఏ రాడ్ ఎక్కడుందో ఎవరికి తెలుస్తుంది? నేను ఆగమనే అన్నాను. అప్పుడు ఆయన అడిగింది, "సారు ఎప్పుడొస్తడు?"

ఇల్లు కట్టే ఆడవాళ్ళకు ఈ ప్రశ్న కొత్త కాదు. సారు, అంటే మా ఆయన, వస్తే నాకు అర్థం కానిది సారుకు అర్థమవుతుందని వాళ్ళ ఉద్దేశం. నేను కిందికి దిగి మిక్సర్ దగ్గర నిలబడి, "సారు రాడు. ఇంజనీరు వస్తున్నాడు. చైర్లు పెట్టేదాకా మిక్సర్ తిరగదు" అన్నాను. చైర్లంటే రాడ్లను పైకి ఎత్తి పట్టుకునే వంచిన ఇనుప ముక్కలు. గొంతు వణికింది, నిజం చెబుతున్నాను. ఇరవై మంది నిలబడి నన్నే చూస్తున్నారు, మిక్సర్ అతను కిరాయి లెక్క చెబుతున్నాడు, ఎండ ఎక్కుతోంది. ఫోన్లో ఇంజనీరు ఒకటే మాట, "మేడం, చైర్లు పెట్టిందాకా ఒక్క తట్ట కూడా పడనియ్యకండి" అని. మిగిలిన 10 ఎంఎం రాడ్ ముక్కలు వంచి పద్నాలుగు చైర్లు చేశారు. రాడ్లను లేపి, చైర్ల మీద కూర్చోబెట్టి తీగతో కట్టి, నడవడానికి పైన చెక్కలు పరిచారు. నలభై ఐదు నిమిషాలు పట్టింది. అంతే. ఆ నలభై ఐదు నిమిషాల కూలీ ఎంతో లెక్కేసి మేస్త్రికి నేనే ఇచ్చాను, అడక్కముందే. ఆయన ముఖం అప్పుడు తేలికపడింది.

ఆ రోజంతా మిక్సర్ దగ్గర నేను చూసింది నీళ్ళే. మాల్ పలచగా ఉంటే మోసేవాళ్ళకు, పరిచేవాళ్ళకు హాయి, అందుకే చెయ్యి జారుతుంటుంది. మేం పోసిన ఎం20 రకం కాంక్రీటుకు 50 కిలోల సిమెంటు బస్తాకు 30 లీటర్ల కంటే ఎక్కువ నీళ్ళు పోయకూడదని కోడ్‌లో ఉంది. 15 లీటర్ల బకెట్లు రెండు తెప్పించి పెట్టాను, బస్తాకు రెండు, మూడోది లేదు. 120 బస్తాలు అయ్యేసరికి సాయంత్రమైంది.

తర్వాత క్యూరింగ్, అంటే కాంక్రీటు గట్టిపడేదాకా తడి ఆరకుండా ఉంచడం. మామూలుగా ఏడు రోజులు, పది రోజులు అంటారు, కానీ ఎండలు మండేటప్పుడు, అందులోనూ బూడిద కలిపిన పీపీసీ సిమెంటైతే 14 రోజులు నీళ్ళు నిలపాలి. స్లాబు మీద మాల్‌తో చిన్న చిన్న మళ్ళు కట్టి నీళ్ళు నింపాం, పొద్దున నింపితే మధ్యాహ్నానికి సగం ఆవిరి. మా బోరు మేలో గంటకు మించి పోయదు. మిగతాది ట్యాంకర్. ఆ పద్నాలుగు రోజులు అమ్మ పొద్దున లేచి మొదట అడిగేది "స్లాబుకు నీళ్ళు పెట్టినవా?" అనే. తొమ్మిదో రోజు సెంట్రింగ్ వాళ్ళు ట్రాలీ తీసుకుని వచ్చారు, రేకులు, జాకీలు ఇంకో సైటుకు కావాలని. బీముల కింద ఆసరా 14 రోజుల కంటే ముందు తీయకూడదు, సజ్జ కింద ఇంకా ఎక్కువ ఉంచమన్నాడు ఇంజనీరు. వెనక్కి పంపించాను. అదనపు రోజుల కిరాయి ఇచ్చాను.

ఇంత జాగ్రత్తగా ఉన్నదాన్ని మెట్ల దగ్గర మాత్రం చూసుకోలేదు. బడి తెరిచాక, జూన్ చివర్లో, మూడు రోజులు ట్రైనింగ్ పడి సైటుకు పోలేదు. వచ్చేసరికి ముందు మెట్లు అయిపోయాయి.

రోడ్డు ముందు ముందు ఎత్తు లేపుతారని బేస్‌మెంట్ మూడడుగులు లేపాం, అంటే 36 అంగుళాలు. ఆ 36 అంగుళాలకు మేస్త్రి నాలుగు మెట్లు కట్టాడు. ఒక్కోటి 9 అంగుళాలు. కారు పెట్టుకునే జాగా కలిసొస్తుందని, మంచికే చేశాడు. ఇళ్ళల్లో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు, అంటే ఏడున్నర అంగుళాలు మించకూడదని నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో ఉంది. అది మామూలు మనుషుల లెక్క. అమ్మకు అది కూడా ఎక్కువే. డ్రాయింగ్‌లో ముందు మెట్లు ఎన్ని అన్నది రాయనే లేదు, ఇంటి లోపలి కొలతలన్నీ గీయించుకుని ఈ ఒక్కటి నోటిమాటకు వదిలేశాం. ఇది మేస్త్రి ఒక్కడి తప్పని నేను అనను.

నేను పగలగొట్టమన్నాను. ఆయన ససేమిరా అన్నాడు. "ఊరంత గిట్లనే ఉన్నయ్ మేడం, అలవాటైతది." మాట మాట పెరిగింది, ఆయన పని ఆపేసి వెళ్ళిపోయాడు. ఆరు రోజులు ఫోన్ ఎత్తలేదు. అప్పటికి జరిగిన పని కంటే ఎక్కువ డబ్బులు ఆయన దగ్గరే ఉన్నాయి, తన పిల్ల కాలేజీ ఫీజు కట్టాలని ఆయన అంటే మధ్యలో ఇచ్చాను. అందుకు ఇప్పటికీ బాధ లేదు, కానీ చేతిలో డబ్బు లేకపోతే మన మాటకు బరువు ఉండదన్నది ఆ ఆరు రోజుల్లో బాగా తెలిసింది.

ఏడో రోజు నేనే వాళ్ళింటికి పోయాను. దెబ్బలాడలేదు. "ఒక్కసారి సైటుకు రా అన్నా, మా అమ్మను కూడా తీసుకొస్తా, ఆమె ఎక్కగలిగితే ఉంచేద్దాం" అన్నాను.

ఆటోలో అమ్మను తీసుకుపోయాను. గేటు పక్కన మిగిలిన ఎర్ర ఇటుకలు ఉన్నాయి, ఒక్కో ఇటుక మూడంగుళాల మందం. మూడు ఇటుకలు ఒకదాని మీద ఒకటి పెట్టి, పక్కన గోడ ఉండేలా చూసి, అమ్మను ఎక్కమన్నాను. అమ్మ గోడ పట్టుకుంది. కుడికాలు లేపింది, ఇటుకల అంచుకు బొటనవేలు తగిలింది కానీ పాదం పైకి పోలేదు. చేత్తో చీర కుచ్చిళ్ళు పట్టుకుని, అదే చేత్తో మోకాలి కింద పట్టి కాలును పైకి లేపుకుంది, పాదం పెట్టింది. ఇక ఒళ్ళు పైకి రాలేదు. రెండుసార్లు ఊగి, "కాదు బిడ్డా" అంది. మేస్త్రి గబుక్కున వచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు. ఒక ఇటుక తీసేసి మళ్ళీ పెట్టాం, ఆరంగుళాలు. గోడ పట్టుకుని, మెల్లగా, తనంతట తను ఎక్కింది. దిగింది. మళ్ళీ ఎక్కింది.

మేస్త్రి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా అమ్మకు గూడ గిట్లనే ఉండె మేడం" అన్నాడు. ఆయనది చండూరు దిక్కు, అక్కడా ఫ్లోరైడ్ నీళ్ళే. ఆ మాట తర్వాత మా మధ్య మెట్ల గురించి వాదన లేదు. పగలగొట్టే కూలీ ఆయనది, కొత్త మెటీరియల్ నాది అని పంచుకున్నాం. 36ను 6తో భాగిస్తే ఆరు మెట్లు. తిన్నగా కడితే కారు జాగాలోకి వస్తుంది కాబట్టి గోడ వెంబడి పక్కకు తిప్పి, ఒక్కో మెట్టు అడుగు వెడల్పు, రెండు వైపులా పట్టుకోవడానికి స్టీలు పైపు. ర్యాంప్ పెడదామనుకున్నాం కానీ అంగుళం ఎత్తుకు అడుగు పొడవు కావాలి, అంటే 36 అడుగులు, మా ప్లాటు వెడల్పే 30. మొదటి మెట్టు కట్టేటప్పుడు మేస్త్రి రసమట్టం పెట్టి చూసి, మళ్ళీ రెండు ఇటుకలు పక్కన పెట్టి కూడా చూసుకున్నాడు.

అప్పటి నుంచి ఒక నోట్‌బుక్ పెట్టాం. ఏ పని ఎంత అయింది, ఏ పనికి ఎంత డబ్బు ఇచ్చాను, ఏది కప్పేసే ముందు నాకు చూపించాలి, అన్నీ తేదీతో రాసి ఇద్దరం సంతకం పెడతాం. ఈ పుస్తకం ముగ్గు పోసిన రోజు నుంచే ఉండాల్సింది. గోడల్లో కరెంటు పైపులు, బాత్రూం కింద నీళ్ళ పైపులు మూసే ముందు ఫోన్లో ఫొటోలు తీసుకున్నాం, పక్కన టేపు ఆనించి మరీ. రేపు ఎక్కడ మేకు కొట్టాలన్నా అవి చూసుకోవచ్చు.

అమ్మ బాత్రూంలో ఇంకో చిన్న తప్పు జరిగింది, అది మాత్రం ఆయనే ఫోన్ చేసి చెప్పాడు. టైల్స్ అతను వాలు తలుపు వైపు పెట్టేశాడు, నీళ్ళు బయటికి పోయే జాలీ వైపు కాదు. చెంబుతో నీళ్ళు పోస్తే గడప లేని తలుపులోంచి గదిలోకి వస్తున్నాయట. "మేడం, మీరొచ్చి సూసేదాంక ముట్టలే" అన్నాడు. నేను పోయేసరికి మాల్ ఇంకా పచ్చిగానే ఉంది, తొమ్మిది టైల్స్ లేపి మళ్ళీ వేశారు, రెండు పగిలాయి. ఆ ఫోన్ వచ్చిన రోజు నాకు కలిగిన సంతోషం స్లాబు పడ్డ రోజు కూడా కలగలేదు.

వంటగదిలో పడమటి గోడ ఒక కొస నుంచి ఇంకో కొసకు అంగుళం తేడాగా ఉంది. ప్లాస్టరింగ్‌తో సరిచేస్తానన్నాడు మేస్త్రి, అంత మందం ప్లాస్టర్ ఒకేసారి నిలబడదు, పగుళ్ళొస్తాయి, వద్దన్నాను. ఆ గోడ అట్లాగే ఉంటుంది. అలమర చేసే వడ్రంగి వెనక పట్టీ పెట్టి కనబడకుండా చేయొచ్చన్నాడు, ఆదివారం కొలతలకు వస్తున్నాడు.